ఆ ‘ను’ ఎక్కడ పెట్టాలి

నా గొంతు పెద్దది. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు, క్షమాపణ అంతకన్నా కాదు. మా అమ్మ పాలమూరు వైపు ఊళ్లలో వారం వారం అంగళ్లు తిరిగి గాజులు అమ్ముతుంది. పక్క దుకాణం గొంతు కన్నా మన గొంతు కాస్త పైన లేకపోతే గాజుల మూట కట్టింది కట్టినట్టే ఇంటికి తిరిగొస్తుంది. ఆ గొంతే నాకు వచ్చింది. వచ్చిందాన్ని తీసుకుపోయి ఎక్కడ పెట్టానయ్యా అంటే అశోక్ నగర్‌లో పెట్టాను. హైదరాబాదు మొత్తంలో గొంతెత్తితే నేరమయ్యే చోటు ఏదైనా ఉందీ అంటే అదే.

తెలియనివాళ్లకు చెప్పాలి. అశోక్ నగర్ అంటే గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్ల పేట. రోడ్డు మీద జెరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు, కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, హారన్లు, గోల. మెట్లెక్కి రీడింగ్ రూములోకి పోతే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ప్లైవుడ్ అడ్డాలు కొట్టిన గూళ్లలో ఒక్కో తల. పెన్ను మూత కింద పడితే గదిలో ఉన్న తలలన్నీ ఇటు తిరుగుతాయి. నాకేమో నోటితో అంటే తప్ప ఏదీ ఎక్కదు. మనసులో చదువుకో అంటే నా మనసుకు చెవుల్లేవు. రాజ్యాంగం ఆర్టికల్ నంబర్లు గొణుక్కుంటున్నానని ఒక రీడింగ్ రూము ఓనరు నన్ను బయటికి పిలిచి, "బిడ్డా, నువ్వు సదువుతుంటే మిగిలినోళ్లు గూడ నీ సబ్జెక్టే సదవాల్సొస్తుంది. వేరే జాగ చూస్కో" అన్నాడు. ఆయన తప్పేం లేదు. నేను కూడా గొంతు తగ్గిస్తానని చెప్పలేదు.

అందుకని హాస్టల్లోనే చదివేదాన్ని. మా లేడీస్ హాస్టల్ గదుల్లో నాలుగు మంచాలు పోను మిగిలే చోటు చెప్పులకే సరిపోతుంది. పొద్దున్నే అందరం నడవలోకి వచ్చేవాళ్లం. ఇటు గోడకు కొందరు, అటు గోడకు కొందరు ఆనుకుని, కాళ్లు బారజాపి, ఒళ్లో పుస్తకాలు పెట్టుకుని కూర్చునేవాళ్లు. వేడినీళ్ల గీజరు నడవకు ఆ చివర ఒక్కటే ఉండేది. నా గది ఈ చివర. పొగలు కక్కే బకెట్ మోసుకుంటూ ఆ కాళ్ల మధ్య నుంచి రావాలి. తలలు పుస్తకాల్లో, కాళ్లు దారిలో. అప్పుడు నా నోట్లోంచి ఒక కేక వచ్చేది.

"వస్తున్న... జర జరుగు."

ఆ కేకకు తలలు లేచేవి కావు. కాళ్లు మాత్రం వరసగా ముడుచుకునేవి, నేను దాటగానే మళ్లీ చాచుకునేవి. ఎవరి కాలి మీదా ఎన్నడూ చుక్క పడలేదు. ఈ కేకను గుర్తుపెట్టుకోండి, జరిగిన గొడవంతా దీని గురించే.

నా గదిలో ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. నాకన్నా చాలా ముందు నుంచి పరీక్షలు రాస్తోంది. పాట ఒక్కసారి వింటే చరణాలతో సహా వచ్చేది గానీ, పంచాయతీరాజ్ కమిటీలు మాత్రం ఎంత చదివినా నిలిచేవి కావు. ఒకరోజు విసుగొచ్చి పుస్తకం నా మీద పడేసి, "నువ్వు సదివి రికార్డు జెయ్యే. చెవుల పెట్టుకొని పండుకుంట" అంది. వట్టి గొంతు ఎందుకని దాని కింద డ్రమ్ము పెట్టాను. ఊరికే దొరికే యాప్ ఒకటి ఫోన్లో ఉండేది.

హిప్‌హాప్ అప్పటికే నా పిచ్చి. డిగ్రీ చదివేటప్పుడు మిక్స్‌టేపులు తెగ వినేదాన్ని. మిక్స్‌టేప్ అన్నమాటే గానీ అందులో టేపు లేదు. నలుగురి పాటలు ఒకదానిలోకి ఒకటి అతికించి, ఆ అతుకుల మీద డీజే తన గొంతుతో ముద్ర వేసి పంచిపెట్టేది. పాడినవాళ్ల కన్నా మధ్యలో అరిచేవాళ్ల మీదే నాకు మనసు. ఒక్క అరుపు వింటే ఎవరి టేపో చెప్పేయొచ్చు. ఇంటి మీద పేరు రాయించుకున్నట్టు వాళ్లు పాట మీద గొంతు రాయించుకునేవాళ్లు.

నా టేపులో పాటలకు బదులు బిట్లు. అశోక్ నగర్ భాషలో బిట్టంటే నాలుగు ఆప్షన్ల ప్రశ్న. డ్రమ్ముకు నాలుగు దెబ్బలు, బిట్టుకు నాలుగు ఆప్షన్లు, ఈడూ జోడూ కుదిరింది. ప్రశ్న గబగబా చదివి, ఒక్కో దెబ్బకు ఒక్కో ఆప్షన్ విసిరి, జవాబు దగ్గర మొత్తం సౌండు కోసేసేదాన్ని. ఆ ఖాళీలో వినేవాళ్లు జవాబు చెప్పుకోవాలి. ఆ వెంటనే డ్రమ్ము మీద పడుతుంది. ప్రతి టేపుకూ మొదట్లో నా ముద్ర ఉండాలి కదా, దానికోసం ఎక్కడా వెతుక్కోలేదు. బకెట్ కేకే పెట్టేశాను.

అక్క దాన్ని తన బ్యాచ్ గ్రూపులో పెట్టింది. అక్కడి నుంచి ఎన్ని గ్రూపులు తిరిగిందో నాకు తెలియదు. ఒక సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ బయట చాయ్ తాగుతున్నాను. పక్కన నిలబడ్డ అబ్బాయి ఎవరో నాకు తెలియదు. వాడి ఫోన్లోంచి నా గొంతు "వస్తున్న, జర జరుగు" అంది. వాడు అలవాటుగా ఒక అడుగు పక్కకు జరిగి, ఎందుకు జరిగానా అని అటూ ఇటూ చూశాడు. నేను చాయ్ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. ప్రిలిమ్స్ పాసైన రోజు కూడా నేను అంత సంతోషపడలేదు.

ఆ టేపే నారాయణగూడలో ఒక చిన్న రేడియోవాళ్ల చెవిన పడింది. ఫోన్లో యాప్ పెట్టుకుంటే వచ్చే రేడియో. ఫ్లైఓవర్ పక్కన, కళ్లద్దాల షాపు ఉన్న బిల్డింగులో పై అంతస్తు. కిటికీలోంచి ఫ్లైఓవర్ ఎక్కే బస్సుల టాపులు కనిపించేవి. ప్రోగ్రాం హెడ్ గారు నన్ను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడారు. చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన మనిషి. ఎప్పుడో తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మెత్తటి మాట, నాలాంటి పిల్లను కూడా "మీరు" అనే మర్యాద.

"మీ దగ్గర సొంత బీట్స్ ఏమైనా ఉన్నాయాండి?" అన్నారు.

"శాన ఉన్నయ్ సార్. పాలిటీ, ఎకానమీ, జాగ్రఫీ. కరెంట్ అఫైర్స్ మాత్రం పోయిన నెల దాంకనే."

ఆయన కాగితం ముందుకు లాక్కున్నారు. "ఎకానమీ బీట్ ఎలా ఉంటుందండీ?"

"జర కష్టం సార్. నెగెటివ్ మార్కులుంటే దాన్ని ముట్టుకోవద్దు."

ఆయన అడిగేది బీటు, నేను చెప్పేది బిట్టు అని తెలిసొచ్చాక ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్లిపోదామనుకుంటుంటే ఆయనే, "ప్రోగ్రాం పేరు దొరికిందండి, బిట్టు మీద బీటు" అన్నారు. రోజూ సాయంత్రం ఏడింటికి ఒక గంట నాది.

మొదటి రోజే స్టూడియోలో కుర్చీ తీసి బయట పెట్టాను. కూర్చుంటే నా గొంతు పొట్టలోనే ఉండిపోతుంది. చెప్పులు కూడా బయటే. ముందు రెండు చక్రాల డీజే బోర్డు, చెవికి ఒకవైపే హెడ్‌ఫోను, మూతికి మైకు. కాచిగూడ, ముషీరాబాద్ గల్లీల పిల్లలు ఫోన్లలో రికార్డు చేసుకున్న ర్యాప్‌లు నాకు పంపేవాళ్లు. వెనకాల కుక్కర్ విజిల్ కూడా వినిపించేది వాటిలో. వాటినే ఒకదానిలోకి ఒకటి దించేదాన్ని. పాట ఎత్తుగడ మీద మాట్లాడటం మొదలుపెట్టి, పాడేవాడి గొంతు వచ్చే ముందు క్షణం దాకా మాట్లాడి, తప్పుకునేదాన్ని. కదిలే బస్సు ఎక్కడం వచ్చినవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. మంచి లైను పడిందా, చక్రం వెనక్కి లాగి "మల్లొక్కపారి" అని మళ్లీ వేసేదాన్ని. మధ్యలో ఒక బిట్టు, ఒక కోత, ఒక ఫోన్ కాల్. గంట తిరిగేసరికి కుర్తా వీపు తడిసిపోయేది. సౌండు చూసే అతను ఫ్యాను నా వైపు తిప్పి పెట్టేవాడు.

ఆ గంట నాకు ఏమిటో సూటిగానే చెప్తాను. అశోక్ నగర్‌లో బతుకంతా ఎదురుచూపు. నోటిఫికేషన్ వస్తదంటరు, రాదు. పరీక్ష వస్తుంది, వాయిదా పడుతుంది. జవాబుల కీ వస్తుంది, దాని మీద కోర్టులో కేసు వస్తుంది. రిజల్టు వస్తదో రాదో ఎవరికీ తెలియదు. ఊరికి ఫోన్ చేస్తే "ఎప్పుడొస్తది బిడ్డా" అని అడుగుతారు. అలాంటి చోట, చెప్పిన టైముకు "వస్తున్న" అని చెప్పి నిజంగా వచ్చేది నేనొక్కదాన్నే. నన్ను వింటున్నది వేలమందో వందలమందో నాకు తెలియదు గానీ, వాళ్లకోసం నేను రోజూ వచ్చాను. ఆ గంట పోతే నేను మళ్లీ ఎదురుచూసే మనిషిని అయిపోతాను. నాకున్న భయం అదొక్కటే.

ప్రోగ్రాం బాగా నడుస్తున్న రోజుల్లోనే హెడ్ గారు ఒక మధ్యాహ్నం పిలిచారు.

"భాష గురించి కొన్ని మెయిల్స్ వచ్చాయండి. ప్రకటనలు ఇచ్చేవాళ్లు కూడా కొంచెం రఫ్‌గా ఉందంటున్నారు. మీ ఎనర్జీ అలాగే ఉండనివ్వండి. మాట మాత్రం కాస్త అందరి తెలుగు చేద్దాం."

"అందరి తెలుగంటే ఎవరిది సార్?"

దానికి ఆయన తాను ముందే ఆలోచించి పెట్టుకున్న మాట చెప్పారు. "వస్తున్నాను, కాస్త తప్పుకోండి. ఎలా ఉందంటారు?"

నాకు నవ్వొచ్చింది. ఆ మాటకు నడవలో ఒక్క కాలు కూడా ముడుచుకోదు. ఆయన మాత్రం నిజంగానే అడుగుతున్నారు.

"శ్రోతల్ని పట్టుకుని జరుగు అనడం బాగుండదు కదండీ. ఇక ‘వస్తున్న’ అంటే వాక్యం సగంలో ఆగిపోయినట్టు ఉంటుంది. వస్తున్న బస్సు, వస్తున్న వాన, ఏదైనా కావచ్చు. చివర ‘ను’ ఉంటేనే కదా వచ్చేది నేను అని తెలిసేది. ‘ను’ లేకపోతే ఎవరు వస్తున్నట్టు?"

"గొంతు ఇంటె తెల్వదా సార్?"

"అందరికీ తెలియదు కదండీ."

నేను బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాను. "వస్, ఒకటి. తున్, రెండు. న, మూడు. నాలుగో దెబ్బ డ్రమ్ముది సార్. మీ ‘ను’ పోయి డ్రమ్ము మీద కూసుంటది. అది డ్రమ్ము జాగ. ఆ ‘ను’ ఏడ పెట్టాలె, మీరే చెప్పుండ్రి."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అన్నారు నవ్వుతూ.

"మద్దెల మంచిగనే ఉంది సార్. ఆట మార్చమన్నది మీరు."

ఆయన నవ్వు ఆగిపోయింది. కోపం తెచ్చుకోలేదు, తన చిన్నప్పటి సంగతి చెప్పారు. బడిలో తాను "అదేంటండీ" అన్న ప్రతిసారీ వెనక బెంచీ మొత్తం "అదేంటండీ, అదేంటండీ" అని పాడేదట. ఆ పిల్లల మధ్య నెగ్గుకు రావడానికి తన ఇంటి మాటను కొంచెం కొంచెంగా చెక్కేసుకున్నారట. ఇప్పుడు తాను మాట్లాడేది తన అమ్మమ్మ మాటా కాదు, ఈ వీధి మాటా కాదు. "ఎవరూ వేలెత్తి చూపలేని తెలుగండి ఇది. మీకూ అదే ఇద్దామనుకుంటున్నాను" అన్నారు. జాలిపడాల్సిన మాటే. నేనూ పడ్డాను. కానీ ఆయన్ని చెక్కినవాళ్ల మీద నాకు వచ్చిన కోపం ఆయనకే ఎందుకు రాలేదో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. తనకు తగిలిన దెబ్బను జాగ్రత్తగా దాచి ఇంకొకరికి బహుమతి ఇవ్వడం ఏం న్యాయం?

"ఒక్క వారం ప్రయత్నించండి" అన్నారు. గంట పోతుందన్న భయంతో సరేనన్నాను.

ఆ వారం సంగతి ఏం చెప్పమంటారు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టయింది నా పని. ‘ను’లు, ‘అండి’లు ఒక్కటీ మరచిపోలేదు. తప్పు మాట దొర్లకుండా మాట్లాడాను. కానీ ప్రతి మాట తోకా పట్టుకుని చూసుకోవడంలోనే నా ధ్యాసంతా ఉండిపోయేది. ఇన్నాళ్లూ నోటితో పాటు పరుగెత్తిన చేతులు ఇప్పుడు నోటికోసం ఆగడం మొదలుపెట్టాయి. చక్రం ఆలస్యంగా తిరిగేది. కోత జవాబు అయిపోయాక పడేది. పాడేవాడి గొంతు వచ్చినా నేనింకా "వింటున్నారు కదండీ" దగ్గరే ఉండేదాన్ని. సౌండు చూసే అతను కుర్చీ తెచ్చి లోపల పెట్టాడు. కూర్చున్నాను.

వారం చివర ఒక కాల్ వచ్చింది. లైవ్‌లోకి తీసుకున్నాను.

"నమస్తే మేడమ్. గా అక్క లేదా?" ఎవరో అబ్బాయి.

"ఏ అక్కండి?"

"అదే మేడమ్, వస్తున్న అని అంటది చూడు, గా అక్క. వారం సంది వస్తలేదు. ఊరికి పోయిందా, ఉద్యోగం గిట్ల వచ్చిందా?"

 వాడు హేళన చేయడం లేదు. నిజంగా బెంగ పెట్టుకుని అడుగుతున్నాడు. నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఏ తెలుగులో చెప్పాలో తెలియలేదు.

"రేపు వస్తారండి" అన్నాను.

నా గురించి నేనే అన్నాను ఆ మాట. ‘ను’ పెట్టుకోమని నాకు నేర్పిన భాషలో, నా ప్రోగ్రాంలో, నా మీద ‘ను’ పెట్టుకునే వీలు నాకే లేకుండా పోయింది. పాట వేసి, మైకు మూసి, బోర్డు మీద తల ఆనించి ఏడ్చాను. ఏడుపు అయ్యాక చాలా కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని నాకు లేదు.

బయటికి వచ్చి హెడ్ గారికి చెప్పాను. "రేపటి సంది నా లెక్కనే మాట్లాడుత సార్."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మీ ఇష్టమండి. కానీ అలా అయితే రేపటిది ఆఖరు ప్రోగ్రాం అవుతుంది. పైవాళ్లు నిన్ననే చెప్పేశారు. నేను ఆపలేను."

హాస్టల్‌కు వచ్చి అక్కకు చెప్పాను. ఆమె పంచాయతీరాజ్ పుస్తకం మూసింది. "గంట పోతే పోనియ్. గొంతు పోతే మల్ల యాడ తెస్తవ్?" అని, పళ్లెంలో తన వాటా గుడ్డు తీసి నా పళ్లెంలో వేసింది.

మరునాడు ఏడింటికి కుర్చీ మళ్లీ బయట పెట్టాను. చెప్పులు విప్పాను. డ్రమ్ము ఎక్కించి, ముందుగా హెడ్ గారి మాటే చెప్పాను. "వస్తున్నాను, కాస్త తప్పుకోండి." అనుకున్నట్టే ‘ను’ పోయి డ్రమ్ము మీద పడింది. రెండూ కలిసి బోర్లా పడ్డాయి. చక్రం వెనక్కి లాగాను.

"మల్లొక్కపారి. వస్తున్న, జర జరుగు."

డ్రమ్ము తన జాగాలో తాను పడింది. నా చేతులు నాకు తిరిగొచ్చాయి. ఊపిరి పీల్చుకోకుండా మొదలుపెట్టాను.

"ఇయ్యాల్టి బిట్టు, మంచిగ ఇనుండ్రి. ‘వస్తున్న.’ గీ మాట అన్నది ఎవరు? ఆప్షన్ ఏ, నేను. ఆప్షన్ బి, నువ్వు. ఆప్షన్ సి, వాన. ఆప్షన్ డి, ‘ను’ లేదు కాబట్టి చెప్పలేము."

సౌండు కోసేశాను.

రేడియోలో ఖాళీ అంటే మహాపాపం. రెండు క్షణాలు ఏమీ వినిపించకపోతే వినేవాళ్లు యాప్ పాడైందనుకుంటారు. నేను అంతకన్నా ఎక్కువసేపే వదిలేశాను. అద్దానికి అవతల హెడ్ గారు లేచి నిలబడ్డారు. సౌండు చూసే అతను నా చేతి వైపే చూస్తున్నాడు. బోర్డు మీద కాల్ లైట్లు ఒకటి తర్వాత ఒకటి వెలిగాయి. అన్నీ వెలిగాయి.

మొదటి కాల్ ఒక అమ్మాయిది. "ఆప్షన్ ఏ, అక్కా. నువ్వే. ఏడికి పోయినవ్ గిన్ని దినాలు?"

రెండోది టిఫిన్ బండి దగ్గర నుంచి. పెనం మీద దోసె చప్పుడు వినిపిస్తోంది. "ఆప్షన్ ఏ. గిది గూడ బిట్టేనా?"

తర్వాత నిన్నటి అబ్బాయే లైన్లోకి వచ్చాడు. గొంతు గుర్తుపట్టాను.

"అక్కా, కీ మీద అబ్జెక్షన్ పెడుతున్న."

"ఏం అబ్జెక్షన్ తమ్మీ?"

"ఆప్షన్లు తప్పున్నయ్. నువ్వు ఒక్కదానివే అంటున్నవా? ఈడ మేమందరం అంటున్నం. వస్తున్నం. గా ఆప్షనే లేదు. బిట్టు డిలీట్ జేసి అందరికి మార్కు కలపాలె."

పరీక్షలో తప్పు ప్రశ్న వస్తే మావాళ్లు చేసే పని అదే. అబ్జెక్షన్ పెడతారు, మార్కు కలపమని కొట్లాడతారు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. "కలిపిన" అన్నాను. "అందరికి కలిపిన." డ్రమ్ము వదిలాను. ఆ గంటలో ఇంకొక్క ‘ను’ నా నోట్లోంచి రాలేదు. గల్లీ పిల్లల పాటలు ఉన్నవన్నీ వేశాను. చెమట కళ్లలోకి దిగింది. తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.

అయిపోయాక బ్యాగు సర్దుకుంటుంటే హెడ్ గారు లోపలికొచ్చారు. "బిట్టు బాగుందండి" అన్నారు. "కీ మాత్రం నా చేతిలో లేదు."

"తెల్సు సార్. నాకు మీ మీద ఏం లేదు."

అది పూర్తిగా నిజం కాదు, ఆయనకూ తెలుసు. మెట్ల దాకా వచ్చి సాగనంపారు. వారం తిరిగేసరికి నా గంటలో ఇంకెవరో వచ్చి, సినిమా పాటలు వేస్తూ, చక్కగా "వస్తున్నాను" అంటున్నారు. ఆమె మీద కూడా నాకేం లేదు. ఆమె ఇంటి మాట అదే అయితే ఆమె హక్కు అది.

ఇది చదువుతూ మీరు ఒకటి గమనించే ఉంటారు. ఇంత గొడవ చేసినదాన్ని, రాసేటప్పుడు మాత్రం ‘అన్నాను’, ‘వచ్చాను’ అని ‘ను’లు పెడుతూనే ఉన్నాను. అవును, పెడతాను. రాతకు అది అలవాటైన అంగీ, తొడుక్కుంటే నాకేం తరుగు లేదు. రాతకు డ్రమ్ము లేదు. కానీ ఈ అంగీ వేసుకుంటేనే నోరు తెరవాలని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. ఎవరి మాట రఫ్‌గా ఉందో చెప్పే కీ ఎవరు తయారు చేశారో నాకు తెలియాలి. దాని మీద నాకు చాలా అబ్జెక్షన్లు ఉన్నాయి.

ప్రోగ్రాం పోయిన తర్వాతి ఆదివారమే కొత్త మిక్స్‌టేపు మొదలుపెట్టాను. ఎవరి స్టూడియో అక్కర్లేదు. బోర్డు సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, మంచం మీద పడుతుంది. ముద్ర కొత్తగా రికార్డు చేద్దామనుకున్నాను. గదిలో నిలబడి అరిస్తే రాలేదు. రెండుసార్లు, మూడుసార్లు అరిచాను. గొంతు బాగానే ఉంది, ఏదో తక్కువైంది. అక్క మంచం మీద నుంచి, "బకెట్ లేందే నీకు కేక యాడ వస్తదే" అంది.

పొద్దున్నే ఫోన్ రికార్డింగులో పెట్టి చున్నీకి కట్టుకున్నాను. నడవ ఆ చివరికి పోయి బకెట్ నిండా వేడినీళ్లు పట్టాను. వెనక్కి తిరిగాను. రెండు గోడల పొడవునా పుస్తకాలు, వాటి వెనక తలలు, దారి నిండా కాళ్లు. సగం మంది కొత్తవాళ్లు. ఆ నెలే హాస్టల్లో చేరారు. రేడియో విన్నారో లేదో, నా మొహమైనా ఎరుగుదురో లేదో నాకు తెలియదు.

"వస్తున్న... జర జరుగు."

కాళ్లు ముడుచుకున్నాయి, ఆ చివర నుంచి ఈ చివర దాకా. నేను నీళ్లు ఒలకకుండా నా గది దాకా నడిచాను. ఎవరు వస్తున్నారని ఒక్కరూ అడగలేదు.